కీబోర్డు పక్కన వినబడే హంబకర్ల కోసం

మా పాలకొల్లు, నరసాపురం వైపు ఎలక్ట్రిక్ గిటారు మోగే చోట్లు ముఖ్యంగా రెండు. ఒకటి ఆదివారం చర్చి. రెండోది పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ వేసే ఆర్కెస్ట్రా స్టేజీ. రెండు చోట్లా పెత్తనం కీబోర్డుదే. వయొలిన్లు, ఫ్లూటు, వీణ, ట్రంపెట్టు, ఒక్కోసారి గిటారు కూడా అందులోంచే వస్తాయి. పక్కన ఆక్టోపాడ్, కర్రలతో వాయించే ఎలక్ట్రానిక్ డ్రమ్ములు. ఇంకా సందుంటే మనం. నేను వాయించేది ఇండోనేషియాలో తయారైన, లెస్ పాల్ ఆకారంలో ఉండే ఓ మధ్యరకం గిటారు. ఇంట్లో ప్రాసెసర్‌కి (గిటారు శబ్దాన్ని మార్చే పెట్టెకి) హెడ్‌ఫోన్స్ తగిలించి వాయిస్తే బ్రహ్మాండంగా ఉండేది. స్టేజీ మీద అందరూ అందుకున్నాక మాత్రం నా చెయ్యి ఆడటం కనబడేది గానీ గిటారు వినబడేది కాదు. మిక్సర్ మీద ఫేడర్ పైకి తోస్తే గుంయ్‌మని మసకగా హాలంతా నిండేది. ఏ స్వరం వాయిస్తున్నానో ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా తెలిసేది కాదు.

పికప్‌లు మార్చమని అడిగినవాళ్ళంతా అన్నారు. పికప్ అంటే స్ట్రింగుల కింద ఉండే అయస్కాంతం, సన్న తీగ చుట్టిన కాయిల్; స్ట్రింగు కదలికని కరెంటు సంకేతంగా మార్చేది అదే. నా గిటారులో రెండున్నాయి: ఫ్రెట్ల చివర నెక్ పికప్, స్ట్రింగులు బిగించే వైపు బ్రిడ్జి పికప్. రెండూ జంట కాయిల్స్ ఉండే హంబకర్లే. ఏవి వెయ్యాలంటే అందరిదీ ఒకటే మాట: "హాట్‌గా ఉన్నవి వేసెయ్యండి." అంటే ఎక్కువ చుట్లు, గట్టి అయస్కాంతం, ఎక్కువ అవుట్‌పుట్. నాకది మింగుడు పడలేదు. ఫేడర్ తోస్తే సౌండు వస్తూనే ఉంది కదా, నాకు పోవాల్సింది మసక.

మా కీబోర్డు అన్నియ్య ఈ సంగతి ఓ రిహార్సల్‌లో తేల్చేశాడు. "ఒరేయ్ తమ్ముడూ, బేసు నా ఎడం చేత్తో నేను లాగుతున్నాను కదా. మళ్ళీ నీ గిటారులోంచి ఆ బొంయ్ బొంయ్ ఎందుకురా? కింద ఖాళీ లేదు. పైన ఎక్కడైనా చోటు చూసుకో." ఇక్కడి బ్యాండుల్లో సగానికి పైగా బేసు గిటారిస్టు విడిగా ఉండడు, కీబోర్డు ఎడం చెయ్యే బేసు. అలాంటప్పుడు నెక్ పికప్‌లోంచి వచ్చే లావుపాటి లో ఎండ్ ఇంట్లో ఎంత హాయిగా ఉన్నా బ్యాండులో అడ్డమే. నాకు కావాల్సిన పికప్ ఏమిటో సగం అక్కడే తెలిసిపోయింది: కింద బిగువుగా, పైన విప్పారుతూ, నాలుగు స్వరాల కార్డ్ పట్టినా ఏ స్వరానికా స్వరం విడిగా వినబడేది.

డబ్బు తియ్యకముందు ఉన్నవాటిని ఎంతవరకు బాగుచెయ్యగలనో చూశాను. ముందు ఎత్తు. చివరి ఫ్రెట్ దగ్గర స్ట్రింగు నొక్కి చూస్తే నెక్ పికప్‌కీ స్ట్రింగుకీ మధ్య మిల్లీమీటరు సందు కూడా లేదు. అటూ ఇటూ ఉన్న స్క్రూలు తిప్పి లావు స్ట్రింగు వైపు మూడు మిల్లీమీటర్లు, సన్న స్ట్రింగు వైపు రెండున్నర దాకా దించాను. బ్రిడ్జి పికప్‌ని రెండు దగ్గర ఆపాను. దానికే పావలా వంతు మసక పోయింది. తర్వాత కేబులు. మామూలు గిటారు కేబుల్‌కి మీటరుకి సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. కేబులు పొడుగయ్యేకొద్దీ పై స్వరాల్లో పికప్‌కి ఉండాల్సిన మెరుపు కిందికి జారుతుంది. స్టేజీ అంతా తిరిగేవాడిలా పది మీటర్ల కేబులు వాడుతూ, కూర్చున్న కుర్చీలోంచి కదలకుండా వాయిస్తుంటాను నేను. మూడు మీటర్లదానికి మారాను.

ఇక వాల్యూమ్ పాట్‌లు, అంటే వాల్యూమ్ నాబ్ కింద ఉండే, తిప్పితే మారే నిరోధాలు. హంబకర్లకి 500కె (కిలో ఓమ్‌లు), ఒకే కాయిల్ ఉండే సింగిల్ కాయిల్స్‌కి 250కె వెయ్యటం ఆనవాయితీ. పాట్ విలువ తగ్గేకొద్దీ పికప్ మీద భారం పెరిగి శబ్దం చీకటిపడుతుంది. నా గిటారులో ఉన్నవాటి మీద 500 అని రాసుంది. ఒక కాలు ఊడదీసి మల్టీమీటర్ పెడితే 400కి కాస్త అటూ ఇటూ చూపించాయి. 20 శాతం తేడా ఈ పాట్‌లలో మామూలే, మోసమేమీ కాదు. భీమవరంలో ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపులో 470కె దొరికాయి. నాలుగైదు కొలిచి ఎక్కువ చూపించినవి ఏరుకున్నాను. షాపులో లాగ్ అని గట్టిగా అడగాలి. లీనియర్ ఇస్తే వాల్యూమ్ తిప్పినప్పుడు ఎక్కడో ఒకచోట గబుక్కున పడిపోయినట్టుంటుంది.

ఇన్ని చేసినా చివరికి పికప్‌ల దగ్గరే ఆగింది. వాటి మీద ఉన్న మెరిసే కవర్లు ఇత్తడివి, పైన పూత. మంచి కవర్లు నికెల్ సిల్వర్‌తో చేస్తారు. ఇత్తడి విద్యుత్తుని బాగా పారిస్తుంది కాబట్టి అందులో ఎడ్డీ కరెంట్లు పుట్టి పై స్వరాల్ని తినేస్తాయి. ఒక కవరు టంకం కరిగించి ఊడదీసి విన్నాను, తేడా స్పష్టంగా ఉంది. కానీ గెయిన్ (ప్రాసెసర్‌లో సంకేతాన్ని బలపరిచే స్థాయి) పెంచితే కూత మొదలైంది. కాయిల్ చుట్లు మైనంలో తడిపి ఉండకపోతే అవి వదులుగా అదిరి మైకులా పనిచేస్తాయి. మైనం నేనే కాచి పోద్దామా అని ఆలోచించి మానేశాను. వేడి కాస్త ఎక్కువైతే కాయిల్ చుట్టిన ప్లాస్టిక్ బాబిన్ వంగిపోతుంది. అంత కష్టపడేకంటే కొత్తవి కొనుక్కోవటం నయం.

ఊడదీసిన పికప్‌ని తీసుకుని రీవైండింగ్ బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. మా వైపు దారికి రెండు పక్కలా చేపల చెరువులు, రొయ్యల చెరువులే. వాటిలో ఏరేటర్ల మోటార్లు కాలుతూనే ఉంటాయి, చుట్టేవాళ్ళకి ఏడాది పొడుగునా పనే. బాబాయ్ జీవితంలో గిటారు పట్టుకోలేదు. కళ్ళజోడు సర్దుకుని కాయిల్ కేసి చూసి, "ఇంత సన్న తీగ నేను చుట్టలేదబ్బాయ్" అన్నాడు. 42 గేజి అంటే 0.063 మిల్లీమీటర్లు, వెంట్రుక మందం. ఒక్కో కాయిల్‌కి దాదాపు 5,000 చుట్లు. రెండు కాయిల్స్ పక్కపక్కన ఎందుకున్నాయో నేను చెప్పబోయేలోపే, ఒకదాని చుట్టు ఎదురుగా ఉందా అని అడిగాడు. ఉందన్నాను. "అయితే కరెంటు గోల దీన్లో ఇటు పుడితే దాన్లో అటు పుడతది. రెండూ కొట్టేసుకుంటాయ్. మరి పాట కూడా కొట్టేసుకోవాలి కదా?" అన్నాడు. అక్కడుంది కిటుకు. రెండో కాయిల్‌కి అయస్కాంతం కూడా తలకిందులు. స్ట్రింగు కదలిక వల్ల పుట్టే సంకేతం రెండుసార్లు తిరగబడి మళ్ళీ ఒకే వైపుకొస్తుంది, కూడుకుంటుంది. బయటినుంచి వచ్చే 50 హెర్ట్జ్ గోలకి అయస్కాంతంతో పని లేదు కాబట్టి అది మాత్రం చెల్లిపోతుంది. బాబాయ్ సంతోషపడిపోయి మెగ్గర్ తీశాడు, ఇన్సులేషన్ చూద్దామని. వద్దు మొర్రో అన్నాను. 500 వోల్టులు పెడితే ఆ వెంట్రుకల తీగ మీదున్న ఎనామిల్ ఏమవుతుందో.

ఈ ఏర్పాటుని గిబ్సన్ కంపెనీలో పనిచేసిన సేత్ లవర్ చేశాడు. 1955లో పేటెంటుకి దరఖాస్తు పెడితే 1959లో వచ్చింది. ఈలోపు అమ్మిన పికప్‌ల అడుగున "పేటెంట్ అప్లైడ్ ఫర్", అంటే దరఖాస్తు చేశామని, ఓ చిన్న స్టిక్కర్ అంటించేవాళ్ళు. ఆ స్టిక్కర్ పేరుతోనే వాటిని ఇప్పటికీ పీఏఎఫ్ అంటారు. అప్పటి చుట్టే యంత్రాల్లో చుట్లు కచ్చితంగా ఒకేలా పడేవి కావు. అయస్కాంతం కూడా ఆల్నికోలో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం) ఏ రకం చేతికొస్తే అది. అందుకే ఆ పాత పికప్‌లలో ఏ రెండూ ఒకేలా ఉండవు. కొలిస్తే 7 నుంచి 9 కిలో ఓమ్‌ల మధ్య ఉంటాయి. ఈ రోజు "వింటేజ్" అని అమ్మే ప్రతి హంబకర్ ఆ సంఖ్యల చుట్టూ తిరిగేదే.

హాట్ పికప్‌ల సలహాకి కూడా ఒక చరిత్ర ఉంది. లారీ డిమార్జియో సూపర్ డిస్టార్షన్ అనే పికప్‌ని 1972లో తెచ్చాడు, సిరామిక్ అయస్కాంతంతో. అప్పటి వాల్వు ఆంప్‌లని గట్టిగా తోస్తే గానీ డిస్టార్షన్, అంటే ఆ బరకదనం, వచ్చేది కాదు కాబట్టి బలమైన పికప్‌తో జనానికి పనిపడింది. నా ప్రాసెసర్‌లో గెయిన్ అనే నాబ్ ఉంది, ఎంత కావాలంటే అంత. అలాంటప్పుడు ఆ పని పికప్ చేత చేయించటం ఎందుకు? పికప్‌లో ఒకసారి పోయిన స్పష్టత మాత్రం ఏ నాబ్ తిప్పినా రాదు.

కిలో ఓమ్‌ల సంఖ్య చూసి కొనేవాళ్ళు చాలామంది. ఎక్కువ ఉంటే ఎక్కువ సౌండు అనుకుంటారు. అది తీగ నిరోధం మాత్రమే. అదే చుట్లు ఇంకా సన్న తీగతో వేస్తే నిరోధం పెరుగుతుంది, అవుట్‌పుట్ పెరగదు. ఒకే గేజి తీగ, ఒకే రకం నిర్మాణం ఉన్న రెంటిని పోల్చటానికైతే ఆ సంఖ్య పనికొస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు కూడా పనికొస్తుంది: ఏమీ చూపించకపోతే తీగ తెగింది, ఉండాల్సినదాంట్లో సగమే చూపిస్తే ఒక కాయిల్ పోయింది. ఇంకో సంగతి మన ఎండల్లోనే తెలుస్తుంది. రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల చల్లటి గదిలో 8.1 చూపించే పికప్ మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీల్లో 8.7 చూపిస్తుంది. అమ్మేవాడు వేరే మోడల్ అంటగట్టాడని పోట్లాటకి దిగేముందు థర్మామీటర్ వంక ఒకసారి చూడాలి.

వినకుండా ఏదీ తోసెయ్యకూడదని, రాజోలు వైపు ఆర్కెస్ట్రాలో వాయించే స్నేహితుడి గిటారు అడిగాను. బ్రిడ్జిలో సేమోర్ డంకన్ కంపెనీ జేబీ మోడల్ హాట్ పికప్ ఉంది, దాదాపు 16 కిలో ఓమ్‌లది. చించినాడ వంతెన దాటి వెళ్ళి తెచ్చుకుని మా బ్యాండుతో వాయించి, హాలు వెనక గోడ దగ్గర ఫోన్ పెట్టి రికార్డు చేశాం. సోలోకి అద్భుతం. స్వరం పట్టుకుంటే వదలదు, పాడుతుంది. పాట మధ్యలో కార్డ్స్ దగ్గర మాత్రం దాని ముక్కు స్వరం సరిగ్గా కీబోర్డు ట్రంపెట్టూ గాయకుడి గొంతూ ఉండే చోటే పడుతోంది, ఒకే బస్సు సీటుకి ముగ్గురు రుమాళ్ళు వేసినట్టు. స్నేహితుడి బ్యాండులో రెండో గిటారిస్టు ఉన్నాడు, సోలోలన్నీ ఇతనివే. అక్కడ దాని పని అది చేస్తోంది. నాకు మాత్రం పనికిరాదు.

ఇంటర్నెట్‌లో దొరికే పికప్ వీడియోలు నేను అంతగా నమ్మను. ఆంప్ వేరు, గిటారు వేరు, పక్కన బ్యాండు ఉండదు, మనం వినేది హెడ్‌ఫోన్స్‌లో. వాటిలో ఎప్పుడూ బొద్దుగా, నిండుగా ఉన్నదే గెలుస్తుంది. హాలు వెనక పెట్టిన ఫోన్ రికార్డింగ్ నాకు వాటన్నిటికంటే ఎక్కువ చెప్పింది.

అయస్కాంతాల లెక్క ఉరమరగా ఇలా ఉంటుంది. ఆల్నికో 2 మెత్తన, లావు స్ట్రింగు కాస్త వదులుగా, పైన గుండ్రంగా. ఆల్నికో 5 బిగువు, బేసు గట్టిగా, పైన మెరుపు. సిరామిక్ ఇంకా గట్టి, గెయిన్ ఎక్కువ వాడేవాళ్ళకి. ఆల్నికో 2 మీద నాకు చాలాకాలంగా మనసు ఉంది, ఒంటరిగా వాయిస్తే అంత తియ్యగా ఉండేది లేదు. కానీ బరువైన గిటారు, నెక్ దగ్గర, పక్కన కీబోర్డు ఎడం చెయ్యి. మనసు చంపుకుని ఆల్నికో 5 వైపే వెళ్ళాను. నెక్‌కి సేమోర్ డంకన్ జాజ్ మోడల్, 7.7 కిలో ఓమ్‌ల చిల్లర. పేరు చూసి జాజ్ వాయించేవాళ్ళకి అనుకుంటారు గానీ లెస్ పాల్ లాంటి గిటార్ల మసక నెక్‌కి ఇదే మందు. బ్రిడ్జికి అదే కంపెనీ 59 మోడల్, 8.1. రెండింటి అవుట్‌పుట్ దగ్గరదగ్గరగా ఉంటే స్విచ్ మార్చినప్పుడల్లా కాళ్ళ దగ్గర వాల్యూమ్ సర్దుకునే బాధ ఉండదు.

ఆర్డర్ పెట్టేముందు కొలతలు చూసుకోవాలి. నా బ్రిడ్జి దగ్గర చివరి స్ట్రింగుల మధ్య దూరం దాదాపు 50 మిల్లీమీటర్లు, మామూలు హంబకర్‌లో ఒక్కో స్ట్రింగు కింద ఉండే పోల్స్‌కి చివరినుంచి చివరికి 49 చిల్లర కాబట్టి సరిపోయింది. ట్రెమోలో (స్వరాన్ని ఊగించే మీట) ఉన్న గిటార్లకైతే స్ట్రింగులు ఇంకా ఎడంగా ఉంటాయి, వాటికి వెడల్పు పోల్స్ ఉన్న రకం అడగాలి. గిటారు లోపలి గొయ్యి లోతు చూసుకోవాలి, కొన్ని పికప్‌ల కాళ్ళు పొడుగు. కవర్ లేకుండా నల్లగా ఉన్నవే తీసుకున్నాను. సముద్రపు గాలికి నరసాపురం వైపు కవర్ల మీద పూత తొందరగా మచ్చలు పడుతుంది. పోల్ స్క్రూలు ఎలాగూ తుప్పు పడతాయి, వాయించాక పొడిబట్టతో తుడవటమే. ఇక వైరు నాలుగు తీగలున్నదే కావాలని పట్టుబట్టాను, కారణం తర్వాత చెప్తాను.

టంకం బాబాయ్ షాపులోనే పెట్టాం. రంగులు కంపెనీకో రకం. డంకన్‌కి నలుపు హాట్ (సంకేతం బయటికి తెచ్చే తీగ), ఎరుపూ తెలుపూ కలిపి అతికి టేపు చుట్టాలి, ఆకుపచ్చా తొడుగులేని తీగా గ్రౌండ్‌కి. డిమార్జియోకైతే ఎరుపు హాట్, నలుపూ తెలుపూ కలపాలి, ఆకుపచ్చ గ్రౌండ్. ఒకదాని పటం చూసి ఇంకోదానికి అతికితే సౌండు రాకపోవచ్చు, సన్నగా పీలగా రావచ్చు. పాట్ వీపు మీద టంకానికి 25 వాట్ల ఐరన్ చాలదు. పాట్ కాలిపోయేదాకా పెట్టుకుని కూర్చోవాలి. బాబాయ్ 60 వాట్లది పెట్టి రెండు సెకన్లలో లాగేశాడు. "మోటారు తీగలకి అలవాటు పడ్డ చెయ్యి" అన్నాడు. రెండు పికప్‌లూ ఒకే కంపెనీవి కాబట్టి మధ్య పొజిషన్‌లో ఫేజ్ గొడవ రాలేదు. వేర్వేరు కంపెనీలవి కలిపినప్పుడు ఒకదానికొకటి ఎదురై మధ్యలో శబ్దం డొల్లగా వచ్చే అవకాశం ఉంది. అప్పుడు ఒకదాని హాట్‌నీ గ్రౌండ్‌నీ తారుమారు చెయ్యాలి, తొడుగులేని తీగ మాత్రం గ్రౌండ్‌లోనే ఉండాలి. నాలుగు తీగల వైరు ఉంటేనే ఇది సులువు.

నాలుగు తీగలు అడగటానికి అసలు కారణం వేరే ఉంది. నెక్ టోన్ పాట్ బదులు పైకి లాగే స్విచ్ ఉన్న పాట్ పెట్టి, లాగితే రెండు కాయిల్స్ సిరీస్‌లోంచి పారలల్‌లోకి వెళ్ళేలా అతికించాను. చాలామంది ఒక కాయిల్ కోసేసి స్ప్లిట్ పెడతారు, సింగిల్ కాయిల్ సౌండు కోసం. కానీ ఒక కాయిల్ తీసేస్తే సేత్ లవర్ పడ్డ కష్టమంతా పోయినట్టే, గోల తిరిగొస్తుంది. మా చర్చిలో పాత చోకుల ట్యూబులైట్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు, స్టేజీల దగ్గరైతే జనరేటరు. పారలల్‌లో సౌండు కొంచెం తగ్గుతుంది, సన్నగా గంటలా మోగుతుంది, గోల మాత్రం చెల్లిపోయే ఉంటుంది. కీర్తనల్లో ఒక్కో స్వరం విడదీసి వాయించేటప్పుడు అక్కడే ఉంచుతున్నాను.

ఒకటి చెప్పాలి. హంబకర్ మార్చితే అన్ని గోలలూ పోవు. స్ట్రింగులు ముట్టుకుంటే తగ్గి, వదిలితే పెరిగే జిర్రుమనే శబ్దం కాయిల్‌ది కాదు, లోపల షీల్డింగ్ చాలకపోవటం. గొయ్యి లోపల రాగి రేకు అంటించి గ్రౌండ్‌కి కలిపితే తగ్గుతుంది. ఇక స్ట్రింగులు పట్టుకుని ఉండగా పెదవికి మైకు తగిలి చురుక్కుమంటే, ఆ స్టేజీ ఎర్తింగు సరిగ్గా లేదన్నమాట. అది ప్రాణం మీదికొచ్చే సంగతి. కరెంటువాడు వచ్చి చూసేదాకా గిటారు ముట్టుకోను నేను.

మార్చాక మొదట వాయించింది చర్చిలో. ఫేడర్ మునుపటికంటే కింద ఉంది, గిటారు వినబడింది. అన్నియ్య పాట మధ్యలో ఒకసారి తలెత్తి చూశాడు. అయిపోయాక, "ఇప్పుడు నా ఎడం చెయ్యి నాకు వినబడుతోందిరా" అన్నాడు. ఆయన నోట్లోంచి మెచ్చుకోలు అంతకుమించి రాదు. రికార్డింగ్ వింటే బ్రిడ్జి పికప్‌లో రిథమ్ బాగా తెగుతోంది. సోలోల్లో మాత్రం జేబీకి ఉన్న ఆ పాడే గుణం లేదు, స్వరం తొందరగా ఆరిపోతుంది. ప్రాసెసర్‌లో సోలోకి విడిగా బూస్టు పెట్టుకున్నాను, ఎనభై శాతం సరిపోయింది. మిగతా ఇరవై నా వేళ్ళే చూసుకోవాలి.

పాత జత డ్రాయరులో ఉంది. మా చర్చిలోనే గిటారు నేర్చుకుంటున్న కుర్రాడు, "అన్నా, అవి నాకిచ్చెయ్యవా" అని వెంటపడుతున్నాడు. వాడి గిటారులో ఉన్నవాటికంటే ఇవి మేలే. రెండో కవరు కూడా ఊడదీసి ఇస్తానని చెప్పాను, గెయిన్ ఎక్కువ పెట్టనని మాటిస్తే.